పాత లగ్జరీ సెడాన్ కొనేవారికి: ఆయుష్షు, ఖర్చులు, తరచుగా వచ్చే మరమ్మతులు

విజయవాడలోనూ గుంటూరులోనూ ఎనిమిది, పదేళ్ల వయసున్న బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడీ సెడాన్లు ఇప్పుడు ఒక మామూలు కొత్త కారు ధరకే దొరుకుతున్నాయి. కొత్తలో యాభై, అరవై లక్షలు పలికిన కారు పన్నెండు, పదిహేను లక్షలకు వస్తుందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. అందులో తప్పేమీ లేదు. సరిగా చూసుకున్న బెంజ్ ఈ-క్లాస్‌లోనో బీఎండబ్ల్యూ ఫైవ్ సిరీస్‌లోనో ఒక్కసారి హైదరాబాదు దాకా వెళ్లి వచ్చినవారికి ఆ ప్రయాణ సుఖం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అయితే కారు ధర ఏడాదికేడాది పడిపోతుంది గానీ దాని విడిభాగాల ధర పడిపోదు. పన్నెండు లక్షలకు కొన్న కారైనా, హెడ్‌లైటు పగిలితే అరవై లక్షల కారు హెడ్‌లైటే కొనాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు. ఈ సంగతి తెలిసి కొన్నవారి దగ్గర ఈ కార్లు మరో పదేళ్లు హాయిగా నడుస్తాయి. తెలియక కొన్నవారి దగ్గర ఏడాది తిరక్కుండానే సెల్లారులో దుమ్ము కొట్టుకుపోతాయి.

ఎంతకాలం నడుస్తుంది

ఈ ప్రశ్నకు చాలామంది కిలోమీటర్లలో జవాబు ఆశిస్తారు. ఇంజను లోహపు భాగాల వరకు చూస్తే, నూనె సకాలంలో మార్చిన జర్మన్ డీజిల్ ఇంజను మూడు లక్షల కిలోమీటర్లు దాటడం విశేషమేమీ కాదు. గ్రీసు దేశంలో ఒక టాక్సీ డ్రైవరు 1976 నాటి బెంజ్ 240డీని 46 లక్షల కిలోమీటర్లు నడిపారు. 2004లో ఆ కారును కంపెనీ తన మ్యూజియానికి తీసుకుంది. ఈ కథ చెప్పేవారు ఒక్క సంగతి వదిలేస్తుంటారు. ఆయన వద్ద విడి ఇంజన్లు ఉండేవి, వాటిని మారుస్తూ, ఒకటి నడుస్తుండగా మరొకటి బాగుచేయించుకుంటూ వచ్చారు. అంటే ఆ కారును అంతదూరం నడిపించింది తయారీ గొప్పతనం ఒక్కటే కాదు, యజమాని ఓపిక కూడా.

నేటి కార్లలో ముందుగా పోయేది లోహం కాదు, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్, రబ్బరు, ఎలక్ట్రానిక్ భాగాలు. థర్మోస్టాట్ హౌసింగ్, కూలెంట్ డబ్బా, వాల్వ్ కవర్ గాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ సీలు, సస్పెన్షన్ బుష్‌లు వంటివి కిలోమీటర్లను బట్టి కాకుండా వయసును బట్టి, వేడిని బట్టి చెడతాయి. మే నెలలో నలభై అయిదు డిగ్రీలు తాకే ఊళ్లలో, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని సిగ్నల్ కోసం ఆగిన కారు బానెట్ కింద ప్లాస్టిక్ ఎంత ఉడుకుతుందో ఊహించుకోవచ్చు. అందుకే పదేళ్లలో నలభై వేలే తిరిగిన కారు కన్నా, పదేళ్లలో లక్షా ఇరవై వేలు హైవే మీద తిరిగి ప్రతి ఏటా సర్వీసు చేయించుకున్న కారు మేలైన బేరమని నా అభిప్రాయం. తక్కువ తిరిగిన కారులో నూనె పాతబడి ఉంటుంది, టైర్లు గట్టిపడి ఉంటాయి, బ్యాటరీ చచ్చి ఉంటుంది. మీటరు మాత్రం ముద్దుగా కనిపిస్తుంది.

డబ్బు లెక్క

కొనే ధరలో కనీసం పది నుంచి పదిహేను శాతం మొత్తాన్ని మొదటి ఆరు నెలల పనుల కోసం విడిగా పెట్టుకోవాలి. అన్ని రకాల నూనెలు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, అవసరమైతే టైర్లు ఆ సొమ్ములోంచి రావాలి. ఆ తరువాత ప్రతి ఏటా సగటున లక్ష నుంచి లక్షన్నర రూపాయల వరకు ఖర్చుంటుందని అనుకోవడం మంచిది. ఒక ఏడాది నలభై వేలతో సరిపోవచ్చు, మరుసటి ఏడాది గేర్‌బాక్సు పనో సస్పెన్షన్ పనో తగిలి రెండు లక్షలు దాటవచ్చు. ఈ ఎగుడుదిగుడును తట్టుకోలేని ఇంటి బడ్జెటు అయితే, ఈఎంఐ మీద పాత లగ్జరీ కారు కొనడం నేను సలహా ఇవ్వను. నెల నెలా కిస్తీ కడుతూ, పని చేయించలేక కారును మూలన పెట్టే పరిస్థితి కన్నా బాధాకరమైనది లేదు.

రేట్లు ఊరిని బట్టి, దుకాణాన్ని బట్టి మారతాయి కనుక సుమారుగానే చెబుతున్నాను. ఈ కార్లలో వాడే ఏజీఎం రకం బ్యాటరీ పాతిక వేల నుంచి నలభై వేల దాకా అవుతుంది. పంక్చరైనా కొంతదూరం నడిచే పద్దెనిమిది అంగుళాల రన్‌ఫ్లాట్ టైర్లు నాలుగూ కలిపి లక్షకు అటూ ఇటూ పడతాయి. ఎల్‌ఈడీ హెడ్‌లైటు మొత్తంగా మార్చాల్సి వస్తే ఒక్కటే లక్ష దాటడం మామూలు. గాలి సస్పెన్షన్ ఉన్న పెద్ద కార్లలో చక్రం దగ్గర బరువు మోసే ఒక్కో స్ట్రట్ ధరే గుండె గుభేలుమనిపిస్తుంది. కాబట్టి మనసుపడిన మోడలు ఖరారు చేసేముందు ఒక పని చేయండి. ఆ కారు ఛాసిస్ నంబరు తీసుకుని, బ్రేకు డిస్కులు, ముందు కంట్రోల్ ఆర్ములు, వాటర్ పంపు, గేర్‌బాక్సు ఆయిల్ సర్వీసు, హెడ్‌లైటు, ఈ అయిదింటికి అధీకృత సర్వీసు సెంటరులో ఒక కొటేషను, ఆటోనగర్‌లో లగ్జరీ కార్లు చూసే షెడ్డులో ఒక కొటేషను అడగండి. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఖర్చు తడిసి మోపెడయ్యే కారేదో, మీ తాహతుకు సరిపోయే కారేదో అప్పుడే తేలిపోతుంది.

మీరు కొనే బ్రాండుకు అధీకృత సర్వీసు విజయవాడలోనే ఉందా, లేక హైదరాబాదు వెళ్లాలా అన్నది కూడా ఈ లెక్కలో భాగమే. చెడిన కారును ఫ్లాట్‌బెడ్ మీద రెండువందల డెబ్బై అయిదు కిలోమీటర్లు పంపడం చిన్న ఖర్చు కాదు.

కొనే ముందు పరీక్ష

మన ప్రాంతంలో అన్నింటికన్నా ముందు చూడవలసింది కారు నీట మునిగిందా లేదా అన్నదే. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అప్పుడు మునిగిన కార్లన్నీ తుక్కుకు పోలేదు. కొన్ని శుభ్రం చేసుకుని, పాలిష్ పట్టించుకుని మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి, మరికొన్ని వేరే జిల్లాల రిజిస్ట్రేషన్లకు మారిపోయాయి. ఈ కార్లలో పనులన్నీ నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు, వాటి కనెక్టర్లు చాలావరకు సీట్ల కింద, కాళ్ల దగ్గరి కార్పెట్ కింద, డిక్కీ గుంటలో ఉంటాయి. మునిగిన రోజున పనిచేసిన యూనిట్ ఆరు నెలల తరువాత పచ్చటి తుప్పు పట్టి చెడుతుంది.

దీన్ని పట్టుకునే పద్ధతి కష్టమేమీ కాదు. ప్రతి సీటు బెల్టునూ మెల్లగా చివరిదాకా బయటకు లాగండి. మామూలుగా ఎప్పుడూ బయటకు రాని ఆ చివరి జానెడు భాగంలో బురద గీత ఉన్నా, పట్టీ గరుకుగా బిరుసెక్కి ఉన్నా, మట్టి వాసన వచ్చినా ఆ కారును వదిలేయండి. ఎంత బాగా కడిగినా ఆ చివరి భాగాన్ని కడగడం ఎవరికీ గుర్తుండదు. తరువాత ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, సీటు పట్టాలను బిగించిన బోల్టులను టార్చి వెలుగులో చూడండి. ఇంటి సెల్లారులో ఉన్న పదేళ్ల కారులో ఆ బోల్టులకు తుప్పు పట్టవలసిన అవసరం లేదు. డిక్కీలో పరుపు ఎత్తి గుంటలో ఒండ్రు పేరుకుందేమో, హెడ్‌లైట్ల లోపల నీటి మరకలున్నాయేమో చూడాలి. బీమా కంపెనీ దగ్గర ఆ కారు మీద పాత క్లెయిములేమున్నాయో అమ్మేవారి ద్వారా రాతపూర్వకంగా తెప్పించుకోండి.

రెండోది చల్లటి స్టార్టు. కారు చూడటానికి వస్తున్నామని చెప్పినప్పుడే, ఉదయం నుంచి ఇంజను స్టార్టు చేయవద్దని కోరండి. వెళ్లగానే మాటల్లో పడకుండా బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఆ రోజు తిరిగి వచ్చేయండి, మరో రోజు వెళ్లండి. రాత్రంతా ఆగిన ఇంజను స్టార్టయిన మొదటి రెండు మూడు క్షణాల్లో వచ్చే గరగర చప్పుడు, ఇంజను వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్ చైనుది కావచ్చు. వేడి ఇంజనులో ఆ చప్పుడు వినపడకపోవచ్చు. ఒకరు స్టార్టు చేస్తుండగా మీరు వెనుక సైలెన్సరు దగ్గర నిలబడాలి. నీలిరంగు పొగ వస్తే నూనె కాలుతున్నట్టు, తెల్లటి పొగ తీపి వాసనతో ఆగకుండా వస్తే కూలెంట్ సిలిండరులోకి పోతున్నట్టు.

మూడోది స్కానింగు. రెండు వేల రూపాయల బ్లూటూత్ స్కానరు ఇంజను లోపాలను మాత్రమే కొంతవరకు చెబుతుంది. బెంజికి జెంట్రీ, బీఎండబ్ల్యూకి ఇస్టా, ఆడీకి ఒడిస్ వంటి కంపెనీ సాఫ్ట్‌వేరుతో అన్ని యూనిట్లనూ చదివించాలి. చాలా కార్లలో తిరిగిన కిలోమీటర్లు ఒక్క మీటరులోనే కాకుండా ఇతర యూనిట్లలో, కొన్నింటిలో తాళంలో కూడా నమోదవుతాయి. మీటరు వెనక్కి తిప్పినవారు ఇవన్నీ మార్చి ఉండకపోవచ్చు. ఎర్రర్ కోడ్లు ఒక్కటీ కనిపించకపోతే సంబరపడకండి. కోడ్లను నిన్ననే చెరిపేసి ఉంటే ఉద్గారాలకు సంబంధించిన స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానరులోనే కనిపిస్తుంది. అలాంటప్పుడు మరో వంద కిలోమీటర్లు నడిపించి మళ్లీ చదివించమని అడగండి.

టెస్ట్ డ్రైవు పావుగంటతో ముగించకూడదు. ఏసీ పూర్తిగా పెట్టి బందరు రోడ్డు ట్రాఫిక్కులో కనీసం అరగంట నడిపి, ఆ తరువాత హైవే ఎక్కాలి. గేర్‌బాక్సు వేడెక్కాకే రెండు నుంచి మూడుకు, కిందికి దిగేటప్పుడు రెండు నుంచి ఒకటికి మారడంలో కుదుపు బయటపడుతుంది. స్పీడు బ్రేకరు మీద ఒక చక్రాన్నే ఎక్కించి దించితే సస్పెన్షన్ బుష్‌ల చప్పుడు విడిగా వినిపిస్తుంది.

కాగితాల విషయానికొస్తే, ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద 2015 నుంచి వచ్చిన ఆంక్షల కారణంగా అక్కడి లగ్జరీ డీజిల్ కార్లు తక్కువ ధరకు దక్షిణాదికి వస్తూ వచ్చాయి. వీటిలో మంచి కార్లూ ఉన్నాయి. కానీ పాత ఆర్టీవో నుంచి ఫారం 28 ద్వారా తీసుకున్న ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), రుణం తీరినట్టు ఫారం 35, చలానా బకాయిలు లేవన్న రుజువు చేతికి రాకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. మన రాష్ట్రంలో మళ్లీ కట్టవలసిన జీవిత పన్ను ఎంతో మన ఆర్టీవో దగ్గర అడిగి, ఆ మొత్తాన్ని కారు ధరకు కలిపి చూసుకుంటే, చవకగా కనిపించిన కారు ఒక్కోసారి స్థానికంగా దొరికే కారు కన్నా ఎక్కువకే పడుతుంది.

ఏ కారులో ఏది చూడాలి

బెంజిలో మన దగ్గర ఎక్కువగా తిరిగేది ఓఎం651 అనే 2.1 లీటర్ల డీజిల్ ఇంజను. సీ220, ఈ220, ఈ250 సీడీఐలలో ఉన్నది ఇదే. చప్పుడు కాస్త ఎక్కువైనా గట్టి ఇంజను. తొలి ఏళ్ల కార్లలో వచ్చిన పైజో ఇంజెక్టర్లు ఇబ్బంది పెట్టాయి కాబట్టి అవి మారాయో లేదో రికార్డులో చూడాలి. ఈ350 సీడీఐలోని వీ6 ఇంజనులో రెండు సిలిండర్ల వరుసల నడుమ లోతుగా ఆయిల్ కూలరు ఉంటుంది. దాని సీళ్లు వయసుకు గట్టిపడి నూనె కారుతాయి. సీళ్ల ధర స్వల్పమే, కానీ అక్కడికి చేరుకోవడానికి పై భాగమంతా విప్పాలి కనుక కూలి ఎక్కువ. సీ200, ఈ200 సీజీఐ పెట్రోలు కార్లలోని 1.8 లీటర్ల ఇంజనులో టైమింగ్ చైను, కామ్ అడ్జస్టరు పళ్లు అరుగుతాయి, చల్లటి స్టార్టు పరీక్ష దీనికి తప్పనిసరి. ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులో నూనె అరవై వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చినవారికి అది చాలాకాలం పనిచేస్తుంది. మార్చనివారికి లోపలి ఎలక్ట్రానిక్ పలక చెడి గేరు ఒకేచోట నిలిచిపోయే పరిస్థితి వస్తుంది.

బీఎండబ్ల్యూ విషయంలో ఇంజను పేరు తెలుసుకోకుండా ధర మాట్లాడవద్దు. 2007 నుంచి 2011 మధ్య వచ్చిన ఎన్47 డీజిల్ ఇంజనులో టైమింగ్ చైను ముందు వైపు కాక గేర్‌బాక్సు వైపు ఉంటుంది. చైను సాగితే గేర్‌బాక్సునో ఇంజనునో దించక తప్పదు, తెగితే ఇంజను పోయినట్టే. దాని తరువాత వచ్చిన బీ47 ఇంజను ఈ విషయంలో మెరుగు. ఈ డీజిల్ ఇంజన్లలో ఇంజనులోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలరులోంచి కూలెంట్ కారి మంటలు రేగే ప్రమాదం ఉందని 2018లో కొరియాలోనూ యూరప్‌లోనూ కంపెనీ పెద్ద సంఖ్యలో కార్లను వెనక్కి పిలిచింది. మీరు కొనే కారు ఛాసిస్ నంబరు మీద పెండింగు రీకాల్ ఏదైనా ఉందేమో అధీకృత సెంటరులో అడిగితే ఉచితంగా చెబుతారు. 320ఐ, 328ఐలలో 2015కు ముందు వచ్చిన ఎన్20 పెట్రోలు ఇంజనులో చైను గైడ్ల ప్లాస్టిక్ పెళుసుబారి విరుగుతుంది. విరిగిన ముక్కలు నూనె పీల్చే జాలికి అడ్డుపడతాయి. దీన్ని ముందే మార్పించిన కారు దొరికితే కాస్త ఎక్కువ ధరైనా ఇవ్వవచ్చు. బీఎండబ్ల్యూ పెట్రోలు కార్లలో చాలావాటికి ఎలక్ట్రిక్ వాటర్ పంపు ఉంటుంది. అది ముందు హెచ్చరిక లేకుండానే ఆగిపోవచ్చు. లక్ష కిలోమీటర్లు దాటిన కారులో అది మారినట్టు బిల్లు లేకపోతే, చెడే వరకు ఆగకుండా థర్మోస్టాట్‌తో కలిపి మార్పించడమే తెలివైన పని.

బీఎండబ్ల్యూల్లో వచ్చే జడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ మీద నాకు ఎంతో గౌరవం. అయితే కార్ల కంపెనీలు దాని నూనెను జీవితాంతం మార్చనక్కరలేదని చెబుతూ వచ్చాయి. గేర్‌బాక్సు తయారుచేసిన జడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం ఎనభై వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మన వేడికి, మన ట్రాఫిక్కుకు ఎనభై వేలే సరైనది. ఆ గేర్‌బాక్సు అడుగున ఉండే ప్లాస్టిక్ తొట్టెలోనే ఫిల్టరు కలిసి ఉంటుంది కాబట్టి, నూనె ఒక్కటే మార్చి పాత తొట్టె బిగించే షెడ్డులో ఆ పని చేయించవద్దు.

ఆడీలో 2008 నుంచి 2012 ప్రాంతం దాకా వచ్చిన 1.8, 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ పెట్రోలు ఇంజన్లు పిస్టన్ రింగుల కారణంగా నూనె తాగుతాయి, చైను టెన్షనరు కూడా బలహీనమే. ఆయిల్ మట్టం చూసుకుని వెయ్యి కిలోమీటర్లు నడిపించి మళ్లీ చూడనిదే అలాంటి కారును కొనవద్దు. ముందు చక్రాలతో నడిచే పాత ఏ4, ఏ6లలోని మల్టీట్రానిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు అరవై వేలకోసారి నూనె మార్చిన దాఖలా లేకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. డీజిల్ 2.0 టీడీఐకి చైను కాక బెల్టు ఉంటుంది. దాని గడువు యజమాని పుస్తకంలో ఉంటుంది. గడువు దాటిన బెల్టుతో ఒక్క రోజు కూడా హైవే ఎక్కకూడదు. ఇక ఎండకు పైకప్పు లోపలి గుడ్డ జిగురు వదిలి వేలాడటం ఆడీల్లో తరచుగా కనిపిస్తుంది. ప్రమాదం లేదు, బేరమాడటానికి పనికొస్తుంది.

నూనెలు, నీళ్లు

కంపెనీలు పదిహేను వేల కిలోమీటర్లకో ఏడాదికో ఇంజనాయిల్ మార్చమంటాయి. మన ఊరి వాడకానికి పది వేలు దాటనివ్వకపోవడం మంచిది, ఎక్కువగా టౌన్లోనే తిరిగే టర్బో పెట్రోలు కారుకు ఏడున్నర వేలు. నూనె డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే సరిపోదు. బెంజ్ డీజిల్ అయితే ఎంబీ 229.51 లేదా 229.52, బీఎండబ్ల్యూ డీజిల్ అయితే లాంగ్‌లైఫ్-04, ఆడీ అయితే వీడబ్ల్యూ 504.00/507.00 అని డబ్బా వెనుక రాసి ఉండాలి. మీ మోడలుకు ఏది సరిపోతుందో పుస్తకంలో ఉంటుంది. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కోస్తా ఉక్కపోతలో అది ఇంకా ఎక్కువ. కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా రెండేళ్లకోసారి మార్చాలి.

కూలెంట్ తగ్గిందని బోరు నీళ్లు పోయడం మన దగ్గర బాగా అలవాటు. ఉప్పు నీళ్ల వల్ల రేడియేటరు సన్నటి గొట్టాలలో పొర కడుతుంది, అల్యూమినియాన్ని ఉప్పు తినేస్తుంది. డిస్టిల్డ్ వాటరుతో కలిపిన, కంపెనీ సూచించిన కూలెంటే పోయాలి. రెండు రంగులవి కలపకూడదు. అసలు మూసి ఉండే వ్యవస్థలో కూలెంట్ తగ్గకూడదు. తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. పోసుకుంటూ పోయే బదులు ప్రెషర్ టెస్టు చేయించండి. ఉష్ణోగ్రత హెచ్చరిక వెలిగినప్పుడు ఇంటికి దగ్గరలోనే ఉన్నాం కదా అని నడిపించకండి. అల్యూమినియం హెడ్ వంగిపోవడానికి ఆ కాస్త దూరమే చాలు.

ఎండ, వాన, ఎలుకలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బ్యాటరీలు కూడా ఆ వేడికి తట్టుకోలేవు. ఇక్కడ ఏజీఎం బ్యాటరీ నాలుగేళ్లు వస్తే సంతోషించాలి. వోల్టేజి తగ్గిన కారు గేర్‌బాక్సు లోపమనీ, స్టీరింగు లోపమనీ సంబంధం లేని హెచ్చరికలు చూపిస్తుంది. వేలకు వేలు మరమ్మతులకు పెట్టేముందు బ్యాటరీ పరీక్ష చేయించండి. బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీ వేశాక దాన్ని కంప్యూటరులో రిజిస్టరు చేయించకపోతే, పాత బ్యాటరీయే అనుకుని దానికి తగ్గట్టు ఛార్జింగు చేసి కొత్తదాన్ని తొందరగా పాడుచేస్తుంది.

సన్‌రూఫ్ ఉన్న కారును వేప చెట్టు కిందో కానుగ చెట్టు కిందో పెట్టేవారు ఏటా వర్షాలకు ముందు దాని నాలుగు మూలల్లోని నీటి గొట్టాలను శుభ్రం చేయించాలి. ఆకులు అడ్డుపడితే ఆ నీరు నేరుగా కాళ్ల దగ్గరి కార్పెట్ కిందకు దిగుతుంది, అక్కడున్న యూనిట్ల సంగతి పైన చెప్పాను. పరీక్షించడానికి సన్‌రూఫ్ తెరిచి, మూలలో ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పోసి, కారు కింద ఆ వైపున నీళ్లు పడుతున్నాయో లేదో చూస్తే చాలు. వరద నీటిలోకి కారును దింపవద్దు. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు పోతే సిలిండరులో నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. సెల్లారులో నీళ్లు నిలిచినప్పుడు స్టార్టు చేయకుండా తోయించి బయటకు తెప్పించండి. బీమాలో ఇంజను ప్రొటెక్షన్ కవరు లేకపోతే ఇలాంటి నష్టానికి మామూలు పాలసీ సాధారణంగా పైసా ఇవ్వదు. విజయవాడలో ఉండేవారు ఈ కవరు వదులుకోకూడదు.

వానాకాలంలో అపార్టుమెంటు సెల్లారుల్లో ఎలుకలు బానెట్ కిందికి చేరి వైర్లు కొరుకుతాయి. వారం పది రోజులు కదలని కారుకు ఇది తప్పని బెడద. రెండు రోజులకోసారి బానెట్ తెరిచి చూడటం, అడుగుభాగపు కవర్లు ఊడిపోయి ఉంటే బిగించుకోవడం, దగ్గర్లో తిండి గింజలు లేకుండా చూసుకోవడం తప్ప నమ్మదగిన మంత్రమేదీ లేదు.

టౌన్లో తిరిగే డీజిల్ కారు

గుంటూరులో అరండల్‌పేట నుంచి బ్రాడీపేటకు, అక్కడినుంచి లక్ష్మీపురానికి తిరిగే వాడకమైతే డీజిల్ కొనకండి. పొగలోని మసిని పట్టే ఫిల్టరైన డీపీఎఫ్‌లో పేరుకున్న మసి కాలడానికి దాదాపు ఆరువందల డిగ్రీల వేడి కావాలి. కారు దానంతటదే ఆ పని మొదలుపెట్టినా, అయిదు నిమిషాల్లో మీరు ఇంజను ఆపేస్తే అది సగంలో ఆగుతుంది. ఇలా పదే పదే ఆగితే డీజిల్ ఇంజనాయిల్‌లో కలిసి దాన్ని పలచబరుస్తుంది, ఫిల్టరు మూసుకుపోతుంది. ఇప్పటికే డీజిల్ ఉన్నవారు వారానికొకసారి కాజ టోల్‌గేటు మీదుగా విజయవాడ వెళ్లి వచ్చినట్టు, పాతిక నిమిషాలకు తగ్గకుండా ఒకే వేగంతో, ఇంజను రెండు వేల ఆర్‌పీఎం పైన ఉండేలా నడపాలి. 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్6 డీజిళ్లలో చాలావాటికి పొగను శుద్ధి చేసే యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా ఉంటుంది. దాన్ని చవకగా దొరికిందని డబ్బాల కొద్దీ కొని ఎండలో నిల్వ ఉంచకండి, వేడికి అది పాడవుతుంది.

పెట్రోలు కారైతే ఇంధన మూత లోపలి స్టిక్కరు చూడండి. పాత కార్లలో చాలావాటిపై ఈ10, అంటే పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అనే ఉంటుంది. మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది ఇరవై శాతం కలిపిన ఈ20. మైలేజీ కొంత తగ్గడమే కాక, రబ్బరు గొట్టాలు, సీళ్ల మీద ప్రభావం పడే అవకాశం ఉంది కాబట్టి ఏటా ఇంధన గొట్టాలను పరీక్ష చేయించాలి, నెలల తరబడి నిండు ట్యాంకుతో కారును నిలబెట్టకూడదు.

ఎవరి చేత చేయించాలి

మన ఆటోనగర్లలో చేతిపని తెలిసిన మెకానిక్కులకు కొదవ లేదు. అయితే లారీ ఇంజను కళ్లు మూసుకుని విప్పి బిగించగల మనిషైనా కంపెనీ సాఫ్ట్‌వేరు, టార్క్ రెంచి, టైమింగ్ లాకింగు పనిముట్లు లేకుండా ఈ కార్లను ముట్టుకోకూడదు. షెడ్డును ఎంచుకునేటప్పుడు అవి చూపించమని మర్యాదగా అడగండి. చెయ్యగలవారు సంతోషంగా చూపిస్తారు. వారంటీలో ఉన్నప్పుడు, రీకాల్ పనులకు, తాళాలు, ఎయిర్‌బ్యాగుల పనులకు అధీకృత సెంటరుకే వెళ్లండి. సస్పెన్షన్, బ్రేకులు, కూలింగు, నూనె కారడం వంటి పనులకు మంచి బయటి షెడ్డు సరిపోతుంది, కూలిలో చాలా తేడా ఉంటుంది.

విడిభాగాలను మోడలు పేరు చెప్పి కొనవద్దు. పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరుతో పార్టు నంబరు తీయించి, ఆ నంబరుతోనే కొనాలి. కార్ల కంపెనీలు అన్నీ సొంతంగా తయారుచేయవు. సస్పెన్షన్ ఆర్ములు లెమ్‌ఫోర్డర్, షాక్ అబ్జార్బర్లు సాక్స్, ఫిల్టర్లు మాన్ లేదా మాలే, ఇంజెక్టర్లు బాష్ వంటి సంస్థలు సరఫరా చేస్తుంటాయి. అదే వస్తువు ఆ సంస్థ డబ్బాలో తీసుకుంటే కార్ల కంపెనీ డబ్బాకన్నా తక్కువకు వస్తుంది. బ్రేకులు, స్టీరింగు, సెన్సర్ల విషయంలో మాత్రం పేరు తెలియని నకళ్ల జోలికి పోవద్దు. మార్చిన పాత వస్తువును ప్రతిసారీ చూపించమనండి, బిల్లు మీద పార్టు నంబరు రాయించండి.

ఈ బిల్లులన్నీ తేదీ, కిలోమీటర్లతో ఒకే ఫైలులో పెడితే, మరమ్మతు అంచనా కారు ప్రస్తుత విలువలో సగం దాటిన రోజున చేయించాలా అమ్మాలా అన్నది తేల్చుకోవడం తేలికవుతుంది. ఇటీవలే గేర్‌బాక్సు, కూలింగు పనులు పూర్తయిన కారైతే చేయించడమే లాభం. అన్నీ ఒకేసారి మీదపడుతున్న కారైతే ఉన్న లోపాలన్నీ చెప్పి, ధర తగ్గించి అమ్మేయండి. ఫైలు అసలు ప్రతిని కొనేవారికిచ్చి, నకలు మీ దగ్గర ఉంచుకుని, ఫారం 29, 30 మీద సంతకాలు చేసిన తరువాత ఆర్‌సీ వారి పేరుకు మారిందని ప్రభుత్వ వాహన్ వెబ్‌సైటులో కళ్లారా చూసుకునే వరకు ఆర్టీవో రసీదును, డెలివరీ కాగితాన్ని భద్రంగా దాచండి.